జెనోడోలో దొరికేవి, మనమే తేల్చుకోవలసినవి

శాస్త్ర వ్యాసాలు వేసే ఒక పత్రికలో, అచ్చుకు వెళ్ళే ప్రతి అంకెనూ మూలంతో సరిచూడటం నా పని. ఈ వారం సాలెపురుగుల కొత్త జాతుల మీద వ్యాసం వస్తే, వచ్చే వారం విమాన ప్రయాణాల మీద, ఆపైన పాత నోటరీ పత్రాల మీద వస్తుంది. పరిశోధన పత్రం చదివితే సగం పనే అయినట్టు. దాని వెనకున్న పట్టికను తెరిచి చూస్తే తప్ప మిగతా సగం తేలదు. ఆ పట్టికల కోసం నేను తరచుగా వెళ్ళే చోటు జెనోడో, పరిశోధనల ఫైళ్ళను అందరికీ అందుబాటులో దాచిపెట్టే వెబ్‌సైటు. తమ డేటాను దాచుకోవడానికి వచ్చే పరిశోధకులకు ఇది ఎలాగూ తెలుసు. ఇతరుల డేటాను చదవడానికి వచ్చేవారికి ఎలా ఉంటుందో చెప్పాలనే ఈ సమీక్ష.

యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్, పరిశోధన ఫలితాలు అందరికీ అందాలని పనిచేసే యూరప్ బృందం ఓపెన్‌ఎయిర్ కలిసి 2013 మే నెలలో, యూరోపియన్ కమిషన్ తోడ్పాటుతో దీన్ని మొదలుపెట్టాయి. ఫైళ్ళు ఉండేది సెర్న్ డేటా కేంద్రంలోనే. దాచుకోవడానికీ, దించుకోవడానికీ రుసుము లేదు. ఒక్కసారిగా కలిపి పెట్టే ఫైళ్ళ కట్టను ఇక్కడ రికార్డు అంటారు. మామూలుగా ఒక్కో రికార్డులో 100 ఫైళ్ళ దాకా, మొత్తం 50 గిగాబైట్ల దాకా పెట్టవచ్చు. ప్రచురించిన ప్రతి రికార్డుకూ డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. పేజీ చిరునామా తర్వాత మారినా, ఆ సంఖ్య పట్టుకుని వెళ్ళిన పాఠకుడు సరైన చోటికే చేరతాడు. ఒకసారి ఒక పరిశోధన పత్రికలో అనుబంధ పట్టికకు ఇచ్చిన మామూలు లింకు తెరిస్తే ఖాళీ పేజీ వచ్చింది. రచయితకు రాసిన మెయిలు తిరిగి వచ్చింది. మా వ్యాసంలో ఆ పట్టిక మీద ఆధారపడిన పేరా మొత్తం తీసేయించాను. అంత మంచి పేరా అలా పోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

జెనోడో ఫలానా శాఖకే పరిమితం కాదు, ఫలానా రూపంలోనే తెమ్మని అడగదు. సదస్సులో గోడకు తగిలించిన పోస్టరు, ఉపన్యాసపు స్లైడ్లు, సిద్ధాంత గ్రంథం, ప్రోగ్రాము, ఫొటోలు, కాపీహక్కు తీరిపోయిన పాత వ్యాసాల స్కానులు, అన్నీ ఉంటాయి. ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ అనే సైటులో ప్రోగ్రాము రాసుకునేవారు తమ ఖాతాను దీనికి జోడిస్తే, కొత్త విడుదల చేసిన ప్రతిసారీ ఇక్కడ ఒక ప్రతి దానంతటదే చేరుతుంది. పత్రం అచ్చయిన నాడు లెక్కలు ఏ ప్రోగ్రాముతో వేశారో తర్వాత తేల్చడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఉండదు.

నాకు బాగా ఉపయోగపడినవాటిలో ఓపెన్‌స్కై నెట్‌వర్క్ వారి విమానాల డేటా ఒకటి. విమానాలు పంపే సంకేతాలను ఎక్కడెక్కడి సభ్యులో తమ రిసీవర్లతో పట్టి పంపితే, వాటిని శుభ్రం చేసి నెలకొక ఫైలుగా పెట్టారు. 2019 జనవరి 1 నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి, కోవిడ్ కాలంలో ఆకాశం ఎంత ఖాళీ అయిందో అంతకు ముందు ఏడాదితో పోల్చి చూడవచ్చు. నేను మెచ్చుకునేది అంకెల రాశి కంటే దాని పైన రాసిన వివరణను. బయలుదేరిన, దిగిన విమానాశ్రయాలను విమానం ఎగిరిన దారిని బట్టి కంప్యూటరే లెక్కగట్టిందనీ, బయటి మూలాలతో సరిచూడలేదనీ, విమానాశ్రయం తేలని చోట గడి ఖాళీగా వదిలామనీ వాళ్ళే రాసిపెట్టారు. మా వ్యాసకర్త "ఈ విమానాశ్రయం నుంచి ఇన్ని విమానాలు ఎగిరాయి" అని ఖాయంగా రాస్తే, ఆ వివరణ చూపించి "నమోదైన లెక్క ప్రకారం" అని మార్పించాను. తన డేటా ఎంతవరకు పనికొస్తుందో ముందే చెప్పేవారి మీద నాకు గొప్ప గౌరవం.

భావోద్వేగాల పరిశోధనలో వాడే రావ్‌డెస్ అనే రికార్డు కూడా ఇలాగే ఆకట్టుకుంటుంది. 12 మంది నటులు, 12 మంది నటీమణులు అవే రెండు వాక్యాలను ప్రశాంతంగా, సంతోషంగా, కోపంగా, భయంగా పలికారు. పాడి కూడా వినిపించారు. మొత్తం 7,356 ఫైళ్ళు. ఫైలు పేరు చూస్తే 02-01-06-01-02-01-12 అని ఉంటుంది. మొదట ఇదేదో క్రమసంఖ్య అనిపిస్తుంది. వివరణ చదివితే ఒక్కో జంట అంకెకూ అర్థం ఉంది: 02 అంటే దృశ్యం మాత్రమే, 01 అంటే మాట, 06 అంటే భయం, తర్వాతి 01 అంటే మామూలు తీవ్రత, 02 అంటే రెండో వాక్యం, 01 అంటే మొదటిసారి పలికినది, 12 అంటే మొత్తం 24 మంది వరుసలో పన్నెండో వ్యక్తి, అంటే ఒక నటి. నటుల వరుసలో బేసి సంఖ్యలు పురుషులవి, సరి సంఖ్యలు స్త్రీలవి. ఫైలు తెరవకుండానే అందులో ఏముందో తెలుస్తుంది. మన ఇంట్లో పోపుల పెట్టె సర్దినట్టు, చెయ్యి పెట్టిన చోటే కావలసింది దొరుకుతుంది.

పాత దస్తావేజుల వైపు వెళ్తే, నెదర్లాండ్స్ జాతీయ అభిలేఖాగారం పెట్టిన రికార్డు చూడాలి. డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాలు, నోటరీ పత్రాలు దాదాపు 6,000 పుటలను మనుషులు చదివి ఎత్తిరాశారు. కంప్యూటరుకు పాత చేతిరాత చదవడం నేర్పించడానికి చేసిన పని ఇది. ఏ పంక్తి పుటలో ఎక్కడ ఉందో, అందులో ఏమి రాసి ఉందో వేర్వేరుగా గుర్తించారు. అంటే ఎత్తిరాసినవారి చదువు మీద అనుమానం వస్తే నేరుగా ఆ పంక్తినే చూసుకోవచ్చు. చరిత్ర వ్యాసాలు సరిచూసేవారికి ఇది పెద్ద వరం.

జీవజాతుల సంగతి మరీ ప్రత్యేకం. ప్లాజీ అనే సంస్థ ఆధ్వర్యంలో, అచ్చయిన పత్రాల్లోంచి జాతుల వర్ణనలను, బొమ్మలను విడివిడిగా తీసి ఇక్కడ పెడుతున్నారు. సాలెపురుగు కాలి బొమ్మ ఒక్కదానికి ఒక రికార్డు, దాని కింద మూల పత్రంలోని వ్యాఖ్య, ఆ పత్రానికి లింకు. నలభై పుటల పీడీఎఫ్ తిరగెయ్యకుండా కావలసిన బొమ్మ దగ్గరికి వెళ్ళిపోవచ్చు. దీనికి మరో వైపు కూడా ఉంది. ఏదైనా జీవి పేరుతో వెతికితే ఇలాంటి విడి బొమ్మలే పేజీలకు పేజీలు వచ్చి, మనకు కావలసిన పట్టిక ఎక్కడో అడుగున పడి ఉంటుంది. ఎడమ వైపున రికార్డు రకాన్ని డేటాసెట్‌కు పరిమితం చేసుకుంటే చాలా వరకు తేలికవుతుంది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇక్కడ పెట్టేవాటికి ముందుగా నిపుణుల సమీక్ష ఉండదు. ఖాతా ఉంటే పెట్టవచ్చు, డీఓఐ వస్తుంది. ఆ సంఖ్య ఫైలు ఎక్కడ ఉందో చెబుతుంది, అందులోని మాట నిజమని చెప్పదు. "డీఓఐ ఉంది కదండీ" అని వ్యాసకర్తలు నాతో వాదించినప్పుడల్లా ఇదే చెబుతాను. ఎవరు పెట్టారు, ఏ పత్రానికి జోడించారు, ఏ కమ్యూనిటీ (ఒక అంశం మీద రికార్డులను ఒకచోట చేర్చే బృందం) చేర్చుకుంది, ఇవన్నీ చూసుకోవలసిన బాధ్యత చదివేవారిదే. ఇదే స్వేచ్ఛ వల్ల ఏ పత్రికా అచ్చు వేయని చిన్న సర్వే పట్టిక కూడా బతికి ఉంటోంది కాబట్టి, దీన్ని నేను లోపంగా చూడను.

వెర్షన్ల ఏర్పాటు మాత్రం నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. ప్రతి వెర్షనుకూ దాని సంఖ్య దానికి ఉంటుంది, అన్నిటికీ కలిపి మరో సంఖ్య ఉంటుంది. వ్యాసకర్త వాడినది మూడో వెర్షనా, ఐదోదా అని అడిగి తేల్చుకోవచ్చు. ఫైలు పేరు కింద చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తు) కూడా ఇస్తారు కాబట్టి, దించుకున్న ప్రతి చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో చూసుకోవచ్చు. జిప్ ఫైలు లోపల ఏమేమి ఉన్నాయో దించుకోకుండానే పేజీలో కనిపిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్న రోజున దీని విలువ ఇంతా అంతా కాదు.

నాకున్న అసంతృప్తి అంతా వివరణ పెట్టె దగ్గరే. అక్కడ ఒక్క వాక్యం రాసి వదిలేసినా రికార్డు ప్రచురితమైపోతుంది. ఈ మధ్య నేల నమూనాల పట్టిక ఒకటి తెరిచాను. నిలువు వరుసల తలల మీద రెండేసి అక్షరాలు తప్ప ఏమీ లేవు. కొలతలు గ్రాములా, మిల్లీగ్రాములా అన్నది ఎక్కడా లేదు. పెట్టినవారికి రాస్తే జవాబు రాలేదు. ఆ అంకెలను నేను వ్యాసంలోకి రానివ్వలేదు. ఎంత ఎండలో తిరిగి ఆ మట్టి తవ్వి ఉంటారో, ఒక్క పేజీ వివరణ లేక ఆ శ్రమ ఎవరికీ అక్కరకు రాకుండా పోయింది. రావ్‌డెస్ వారిలా ప్రతి గుర్తుకూ అర్థం చెప్పేవారికి ఎలాగూ ఇబ్బంది లేదు. మిగతావారి కోసమైనా, పట్టిక పెట్టినప్పుడు వరుసల పేర్లూ కొలమానాలూ నింపితే గాని ప్రచురించు బొత్తాం పనిచేయకుండా చేస్తే బాగుంటుందని నిర్వాహకులను కోరుతున్నాను.