కారుకు పెట్టించిన ప్రతిదీ పాలసీలో రాయించాను: నా అనుభవం

మాది నల్లగొండ. బత్తాయి వ్యాపారం. వారానికి రెండు మూడుసార్లు 65వ నంబర్ జాతీయ రహదారి మీద, ఇప్పుడు బాటసింగారంలో ఉన్న పండ్ల మార్కెట్‌కు వెళ్లి రావాలి. 2018 మార్చిలో పెట్రోల్ వేగనార్ కొన్నాను. ఈ ఏడేళ్లలో దానికి అల్లాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టమ్, సీఎన్‌జీ కిట్టు పెట్టించాను. రెండు యాక్సిడెంట్లు అయ్యాయి. మొదటిసారి ఇన్సూరెన్స్ పాలసీలో ఏదీ రాయించలేదు, రెండోసారి అన్నీ రాయించి ఉన్నాయి. ఆ రెండు క్లెయిముల తేడా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కారు కొన్న మూడో నెలలో నాలుగు అల్లాయ్ వీల్స్ వేయించాను, ఒక్కోటి 6,500. ఇంకో 18,000 పెట్టి టచ్ స్క్రీన్ ఉన్న మ్యూజిక్ సిస్టమ్. ఇవి పాలసీలో రాయించాలా అని ఏజెంటును అడిగితే, "ఏం కాదన్నా, అవన్నీ ఎవరు చూస్తరు? బండికి ఇన్సూరెన్స్ ఉన్నది గదా" అన్నాడు. నమ్మాను. అతను మోసం చేయాలని అన్న మాట కాదది. అతనికే తెలియదు.

2019 నవంబర్‌లో, పత్తి సీజన్లో, నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వస్తుంటే చీకట్లో ట్రాక్టర్ ట్రాలీ కనబడలేదు. ట్రాలీ నిండా పత్తి, వెనక లైటు లేదు, ఒక రేడియం స్టిక్కర్ కూడా లేదు. ఎడమవైపు మూల తగిలింది. బంపర్, హెడ్‌లైట్, ఫెండర్ పోయాయి. ఎడమవైపు రెండు అల్లాయ్ వీల్స్ పగిలాయి. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు.

నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు సర్వేయర్ షెడ్డుకు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. చక్రాల దగ్గర ఆగి, "ఇవి కంపెనీతో వచ్చినవి కావు, పాలసీలో కూడా లేవు" అన్నాడు. అంతే, ఆ 13,000 నేనే పెట్టుకున్నాను. మిగతా క్లెయిమ్ వచ్చింది, అందులో అన్యాయం ఏమీ జరగలేదు. కోపం వచ్చి ఇంటికి వెళ్లి పాలసీ తీసి చదివితే అందులో స్పష్టంగానే ఉంది. విలువ కట్టేది కంపెనీ అమ్మిన బండికి. మనం తర్వాత పెట్టించిన వస్తువుకు విడిగా విలువ చెప్పి, ప్రీమియం కట్టాలి. షెడ్యూలు పేజీలో ఎలక్ట్రికల్, నాన్ ఎలక్ట్రికల్ అని రెండు గళ్లు ఉన్నాయి. నా కాగితంలో ఆ రెండింట్లోనూ సున్నా. ఏడాదిన్నరగా ఆ సున్నాలు నా బీరువాలోనే ఉన్నాయి, నేను చూడలేదు.

రెన్యువల్‌లో రెండూ రాయించాను. మ్యూజిక్ సిస్టమ్, అదనపు లైట్లు లాంటివి ఎలక్ట్రికల్ కిందికి వస్తాయి. వాటి విలువ మీద 4 శాతం. అల్లాయ్ వీల్స్, సీటు కవర్లు, పైన క్యారియర్ లాంటివి నాన్ ఎలక్ట్రికల్. వాటి విలువను బండి విలువకు కలిపి అదే రేటు వేస్తారు. నాకు రెండూ కలిపి ఏడాదికి వెయ్యి చిల్లర అయింది. పోయిన 13,000 పక్కన పెట్టి చూసుకుంటే అదేమంత లెక్క కాదు.

అసలు సంగతి సీఎన్‌జీ కిట్టు. సీటు కవరు రాయించకపోతే సీటు కవరు డబ్బులే పోతాయి. గ్యాస్ కిట్టు అలా కాదు. ఇంధనం మారితే బండి స్వభావమే మారినట్టు కంపెనీ చూస్తుంది. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి డిక్కీలో సిలిండర్ కనబడితే, బండికి తగిలిన దెబ్బకూ గ్యాస్‌కూ సంబంధం లేకపోయినా మొత్తం క్లెయిమ్ మీద పేచీ మొదలవుతుంది. అందుకే 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో 48,000 పెట్టి కిట్టు వేయించినప్పుడు, ముందు ఆర్టీఏ పని, తర్వాత ఇన్సూరెన్స్ పని, ఆ తర్వాతే మార్కెట్ అనుకున్నాను. కిట్టు బిల్లు, కిట్టుకు ఆమోదం ఉన్నట్టు సర్టిఫికెట్, సిలిండర్ పరీక్ష సర్టిఫికెట్ తీసుకెళ్లాను. బండి చూపించి, ఆర్‌సీలో ఇంధనం దగ్గర పెట్రోల్‌తో పాటు సీఎన్‌జీ చేర్పించుకున్నాను.

ఆ ఆర్‌సీ కాపీ, బిల్లు జత చేసి ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టాను. పాలసీ మధ్యలో చేసే ఈ మార్పును ఎండార్స్‌మెంట్ అంటారు. కిట్టు విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టం) కింద ఇంకో 60 రూపాయలు, దాని మీద జీఎస్టీ. పాలసీకి ఐదు నెలలే మిగిలి ఉన్నాయి కాబట్టి ఆ వంతుకే తీసుకున్నారు. మొత్తం కలిపి వెయ్యికి కాస్త తక్కువే.

డబ్బు సంగతి బాగానే ఉంది కానీ, పని జరిగిన తీరు బాగాలేదు. వాళ్ల యాప్‌లో చిరునామా మార్చుకోవచ్చు, నామినీని మార్చుకోవచ్చు. కిట్టు పెట్టించానని చెప్పడానికి మాత్రం చోటు లేదు. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే బ్రాంచికి వెళ్లమంటారు. బ్రాంచిలో ఒకసారి ఫోటోలు, ఇంకోసారి వీడియో అడిగారు. కాగితం చేతికి రావడానికి 19 రోజులు పట్టింది. ఆ 19 రోజులూ హైవే ఎక్కాలంటే టెన్షన్. నిజం చెప్పడానికి వచ్చిన మనిషిని ఇన్నిసార్లు తిప్పితే, ఎందుకొచ్చిన గొడవ అని చాలామంది చెప్పకుండానే ఊరుకుంటారు. ఇది కంపెనీలు సరిచేసుకోవాల్సిన తప్పు.

ఇంకో సంగతి, నేను కాస్తలో తప్పించుకున్నది. 2022 మార్చిలో రెన్యువల్ ఆన్‌లైన్‌లో చేస్తుంటే ప్రీమియం అనుకున్నదానికన్నా తక్కువ చూపించింది. సంతోషపడి కట్టేయబోయాను. మా పెద్దమ్మాయి పక్కనే కూర్చుని, "నాన్నా, కిట్టు గడిలో సున్నా ఉంది చూడు" అంది. నిజమే, ఆన్‌లైన్ ఫారం కిట్టు విలువను వదిలేసింది. అక్కడ మళ్లీ 45,600 వేయించి కట్టాను. కొత్తలో ఉన్న 48,000 మీద 5 శాతం అరుగుదల తీస్తే అంతే వస్తుంది. అప్పటి నుంచి ప్రతి ఏడూ డబ్బు కట్టేముందు ఆ గళ్లు చూస్తాను. ఒకసారి రాయించాం కదా అని ఊరుకుంటే కుదరదు, ఏడాదికోసారి ఆ అంకె మళ్లీ ఎక్కిందా లేదా చూసుకోవాలి. 2025 రెన్యువల్‌లో కిట్టు విలువ 28,800 వేశారు, దాని మీద ప్రీమియం 1,152, జీఎస్టీ వేరే.

2023 జులైలో రెండో యాక్సిడెంట్. వానలో చిట్యాల దగ్గర వాహనాలు ఆగి ఉంటే వెనక నుంచి డీసీఎం గుద్దింది. డిక్కీ తలుపు లోపలికి పోయింది, వెనక అద్దం పగిలింది, సిలిండర్ పట్టీలు వంగి వాల్వు దెబ్బతింది. గ్యాస్ వాసన రాలేదు. ముందు వాల్వు కట్టేసి, అందరినీ దూరంగా నిలబెట్టి, ఆ తర్వాత ఫోటోలు తీశాను. ఆ పది నిమిషాలు ఇప్పటికీ మర్చిపోలేదు.

నష్టం 50,000 దాటింది కాబట్టి లైసెన్సు ఉన్న సర్వేయర్‌ను పంపారు. ఆయన అడిగినవి నాలుగే: సీఎన్‌జీ ఎక్కిన ఆర్‌సీ, కిట్టు విలువ ఉన్న పాలసీ, కిట్టు బిల్లు, సిలిండర్ పరీక్ష సర్టిఫికెట్. నాలుగూ ఒకే ఫైలులో ఉన్నాయి. తీసి ఇచ్చాను. ఆయన కిట్టు గురించి మళ్లీ ఒక్క ప్రశ్న వేయలేదు.

మొత్తం బిల్లు 87,500. ఇనుప భాగాలు 24,000. బండికి ఐదేళ్లు దాటింది కాబట్టి వాటిలో 40 శాతం, అంటే 9,600 కోత పడింది. ప్లాస్టిక్, లైట్లు 9,000లో సగం కోత, అద్దానికి కోత లేదు. పెయింటింగ్ 16,000లో నాలుగో వంతును రంగు ఖర్చుగా లెక్కేసి, అందులో సగం, 2,000 తీశారు. కూలీ 12,000 పూర్తిగా ఇచ్చారు. కిట్టు పని 21,000 అయితే 18,900 ఇచ్చారు. నాలాంటి చిన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా పడే 1,000 కూడా పోను నాకు వచ్చింది 68,300. కిట్టు రాయించకపోయి ఉంటే ఆ 18,900 రానట్టే. మిగతాదానికి ఎన్ని నెలలు తిరగాల్సి వచ్చేదో. క్లెయిమ్ చేసినందుకు 35 శాతం ఉన్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మాత్రం పోయింది. అది నియమం, ఏమీ అనలేం.

విడిభాగాలు మార్చినప్పుడు కూడా చెప్పాలా అని మార్కెట్లో చాలామంది నన్ను అడుగుతారు. పోయిన దాని స్థానంలో అలాంటిదే, అదే సైజుది వేస్తే చెప్పాల్సిన పని లేదు, బిల్లు దాచుకుంటే చాలు. నేను ఒక హెడ్‌లైట్ కంపెనీది దొరక్క బయటిది వేయించాను. 2024లో ఇంకో ఇన్సూరెన్స్ కంపెనీకి మారేటప్పుడు బండి చూడటానికి వచ్చినతను అది గుర్తుపట్టి రాసుకున్నాడు. బిల్లు చూపిస్తే సరేనన్నాడు. కానీ బండి గుర్తింపునే మార్చే భాగాలు ఉంటాయి. అక్కడ మౌనంగా ఉండకూడదు.

పాలమూరులో మా బావమరిదికి జరిగింది అదే. పాత డీజిల్ బండి ఇంజిన్ సీజ్ అయితే, హైదరాబాద్‌లో అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొని బిగించుకున్నాడు. బండి బ్రహ్మాండంగా నడిచింది. బిల్లు ఉంది. ఆర్టీఏ ఆఫీసుకు మాత్రం వెళ్లలేదు, ఇన్సూరెన్స్‌కు చెప్పలేదు. జడ్చర్ల దగ్గర కల్వర్టుకు గుద్దుకున్నాక సర్వేయర్ చేసిన మొదటి పని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిచూడటం. ఇంజిన్ నంబరు కలవలేదు. క్లెయిమ్ కొట్టేశారు. "నేనేం దొంగ ఇంజిన్ బిగించిన్నా బావా?" అని ఫోన్‌లో బాధపడ్డాడు. కాదు, కానీ ఆ మాట కాగితం మీద ముందే ఉండాలి.

వాడికి ఇంకో దారి ఉండేది. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కానీ దానికి ఏడాది గడువు ఉంటుంది. వాడు నాకు చెప్పేసరికి ఆ ఏడాది దాటిపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ కష్టంగా ఉంటుంది.

చెప్పినా పనికిరానివి కూడా ఉన్నాయి. ముందు బంపర్‌కు ఇనుప గార్డు పెట్టించి పాలసీలో రాయించమని ఒకతను నన్ను సలహా అడిగాడు. దాన్ని 2017లోనే కేంద్ర రవాణా శాఖ వద్దంది. బండి తయారైనప్పటి వివరాలకు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో ఒక్కో మార్పుకు 5,000 జరిమానా కూడా ఉంది. చట్టం ఒప్పుకోని దాన్ని ఇన్సూరెన్స్ కాగితం కాపాడదు. తీసేయమన్నాను, తీసేశాడు.

సిలిండర్‌ను మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. నాది 2024 అక్టోబర్‌లో చేయించాను. మళ్లీ 2027 అక్టోబర్. ఆ తేదీని, దాని కింద రెన్యువల్ తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో మా అమ్మాయి రాసిపెట్టింది.