హికారి మైక్రో పెల్లెట్స్: చిన్న నోళ్ళకు సరిపోయే మేత

మాది రెండడుగుల చేపల ట్యాంకు. పది నియాన్ టెట్రాలు, నాలుగు గప్పీలు, అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు కోరీలు ఆరు. ఆరు నెలలుగా వీటికి హికారి అనే జపాన్ కంపెనీ సన్న గుళికల మేత, మైక్రో పెల్లెట్స్ వేస్తున్నాను, మార్చాలని ఇంతవరకు అనిపించలేదు.

అంతకుముందు దగ్గర్లోని ఒక షాపులో విడిగా అమ్మే ఎర్ర గుళికలు వేసేదాన్ని. నియాన్లు ఒక్కో గుళికను నోట్లోకి తీసుకోవడం, ఊసేయడం, మళ్ళీ తీసుకోవడం చేస్తుంటే ఆడుకుంటున్నాయేమో అనుకునేదాన్ని. దగ్గర కూర్చుని చూస్తే తెలిసింది, గుళిక పెద్దదై మింగలేకపోతున్నాయి. అలా మిగిలిందంతా గులకరాళ్ళ సందుల్లో చేరి కుళ్ళింది, నీళ్ళు తెల్లగా మసకబారాయి, నీళ్ళు పరీక్షించే టెస్ట్ కిట్‌లో చేపలకు విషమైన అమ్మోనియా కనిపించింది, రెండు నియాన్లు చచ్చిపోయాయి. ఆ బాధ ఇంకా ఉంది.

ఈ హికారి గింజలు బొంబాయి రవ్వంత సన్నగా ఉంటాయి. వేయగానే కాసేపు పైన తేలి, తర్వాత మెల్లగా కిందికి దిగుతాయి. నాకు బాగా నచ్చింది ఇదే. గప్పీల నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి తేలేవాటిని అవి అందుకుంటాయి, నియాన్లు నడిమి నీళ్ళలో ఉండి దిగేవాటిని పట్టుకుంటాయి. మా నియాన్ల గుంపులో పిరికిది ఒకటి ఉంది, పైన తేలే రేకుల మేత (ఫ్లేక్స్) వేసిన రోజుల్లో పైకి రాలేక మొక్క వెనకే ఉండిపోయేది, ఇప్పుడు మేత దాని దగ్గరికే వస్తోంది కాబట్టి అదీ తింటోంది, పొట్ట కూడా కాస్త నిండుగా కనిపిస్తోంది.

కోరీలకు మాత్రం దీని మీద ఆధారపడకండి. వాటిదాకా చేరేది చాలా తక్కువ. వాటికి రాత్రి లైటు ఆర్పాక మునిగే మేత బిళ్ళ (వేఫర్) విడిగా వేస్తాను, చీకట్లో మీసాలతో అడుగు తడుముకుంటూ వచ్చి దాని చుట్టూ చేరతాయి. మధ్యమధ్య పైకి దూసుకొచ్చి గాలి మింగి వెళ్తాయి, అది వాటి సహజ గుణమే, టెన్షన్ పడక్కర్లేదు. కానీ అన్నీ పదేపదే అలాగే చేస్తుంటే నీళ్ళు చూసుకోవాలి. నియాన్లు కూడా రాత్రి రంగు తగ్గి వెలిసిపోయినట్టు ఉంటాయి, పొద్దున లైటు వేసిన కాసేపటికి నీలం గీత తిరిగి మెరుస్తుంది. అందుకే లైటు వేసిన వెంటనే మేత వేయను, అరగంట ఆగుతాను.

రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంతే వేస్తాను. ఆదివారం ఏమీ వేయను. నేను గాజు దగ్గరికి రాగానే అన్నీ ముందుకొచ్చి ఎగబడతాయి, దాన్ని చూసి జాలిపడి ఇంకో చిటికెడు వేయకండి. మనిషి వస్తే మేత వస్తుందని అవి నేర్చుకున్నాయి, అది ఆకలి కానక్కర్లేదు. మేత పడ్డాక కూడా కదలకుండా ఉన్న చేప ఏదైనా ఉందా అన్నదే చూడండి.

విడి మేత కంటే ఖరీదు ఎక్కువే. కానీ 22 గ్రాముల చిన్న ప్యాకెట్టే నెలల తరబడి వస్తుంది. పెద్దది చవక పడుతుందని కొనకండి, ఒకసారి తెరిచాక వానాకాలం చెమ్మకు ఏ మేతైనా పాడవుతుంది.