పందొమ్మిది పిచ్‌లు, ఒక నవల: ఏడేళ్ళ తర్వాత

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 2017లో మొదటిసారి లిటరరీ ఏజెంట్లకి నా నవల చెప్పుకోవడానికి వెళ్తున్నానని ఫోన్లో అంటే, ఆయన అడిగిన మొదటి మాట "కమీషన్ ఎంతమ్మా?" అని. పదిహేను శాతం అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు. "అంత పట్టుకుంటే రైతు యార్డుకెందుకొస్తాడు?" అన్నాడు.

ఎందుకొస్తాడంటే, అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలు ఏజెంటు చేతి మీదుగా రాని నవలని మామూలుగా ముట్టుకోవు. పెంగ్విన్ రాండమ్ హౌస్, హార్పర్‌కాలిన్స్, సైమన్ అండ్ షుస్టర్, ఏ గుమ్మమైనా అంతే. ఏజెంటు మాన్యుస్క్రిప్ట్ చదివి, దిద్దించి, ఎడిటర్లకి చూపించి, బేరమాడి అమ్మిపెడతాడు. ఇక్కడి అమ్మకానికి 15 శాతం, విదేశీ హక్కులకి సాధారణంగా 20. అమ్ముడు కాకపోతే ఆయనకీ సున్నా. అలాంటి ఏజెంటు ఎదురుగా కూర్చుని మన పుస్తకం గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవడమే పిచ్. రైటర్స్ కాన్ఫరెన్సుల్లో చాలామంది వచ్చేది దానికోసమే. చాలా చోట్ల దానికి ఫీజు విడిగా కట్టాలి.

నేనుండేది డాలస్ దగ్గర, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంగ్లీషులో రాసింది ఒకటే నవల. 2017 నుంచి 2023 దాకా ఐదు కాన్ఫరెన్సులకి వెళ్ళాను: టెక్సస్‌లో రెండు, న్యూయార్క్‌లో రెండు, 2021లో జూమ్ మీద ఒకటి. మొత్తం 19 పిచ్‌లు. "పంపించండి" అన్నవాళ్ళు 14 మంది. పంపించాక జవాబిచ్చింది 9 మంది. నవల మొత్తం అడిగింది ముగ్గురు. నన్ను క్లయింటుగా తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఫీజులు, విమానాలు, హోటళ్ళు కలిపి 5,200 డాలర్ల పైమాటే. ఈ అంకె మా ఇంట్లో ఇంతవరకు పైకి చదవలేదు.

పిచ్‌లలో రెండు రకాలు చూశాను. ఒకటి అపాయింట్‌మెంట్: ఒక ఏజెంటు, ఒక బల్ల, ఎనిమిది పది నిమిషాలు. రెండోది పిచ్ స్లామ్. న్యూయార్క్‌లో రైటర్స్ డైజెస్ట్ అనే పత్రిక వాళ్ళ కాన్ఫరెన్సులో ఉండేది ఇదే. పెద్ద హాల్లో వరసగా బల్లలు, బల్లకో ఏజెంటు, ప్రతి బల్ల ముందూ క్యూ. మనిషికి మూడు నిమిషాలు. అందులో సగం మనం మాట్లాడాలి, సగం వాళ్ళకి వదలాలి. టైమైతే లేచి పక్క బల్లకి పోవాలి. తిరుమల క్యూలో నిలబడి దేవుడి ముందుకొచ్చేసరికి "జరగండి జరగండి" అంటారు చూడండి, అచ్చం అదే. ఆ క్షణానికి అడగాల్సిన కోరిక నోటికి రాదు.

నా మొదటి పిచ్ అపాయింట్‌మెంటే. రెండు పేజీలు బట్టీ పట్టాను. గుంటూరు, 1980లు, మిర్చి యార్డు, ఉమ్మడి కుటుంబం, కొట్టు పంపకాలు. నలుగురి పేర్లు చెప్పాను. అందులో ఒకటి సీతారామాంజనేయులు. రెండో పేరు దగ్గరే ఆ ఏజెంటు, ఒకావిడ, కళ్ళు నా మెళ్ళో బ్యాడ్జీ మీదికి పోయాయి. మూడో పేరుకి బల్ల మీది నీళ్ళ గ్లాసు వైపు. అయినా నేను ఆపలేదు. గ్రేడింగ్ ఎలా చేస్తారో, తాలు కాయలు ఎందుకు వేరు చేస్తారో కూడా చెప్పాను. అంతా విని ఆవిడ ఎంతో మర్యాదగా అడిగింది: "అంటే, వాళ్ళు ఇంటి వెనక పెరట్లో మిరపకాయలు పండిస్తారన్నమాట?"

యార్డ్ అంటే అమెరికావాళ్ళకి పెరడు. పదమూడేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ప్రతి వేసవిలో యార్డులో గడ్డి కోయిస్తున్నాను, ఆ సంగతి నాకు తట్టలేదు. ఆ రాత్రే హోటల్ గదిలో పిచ్ కాగితంలో ఆ మాట కొట్టేసి మార్కెట్ అని రాసుకున్నాను. చివరికి ఆవిడ కార్డిచ్చి మొదటి పది పేజీలు పంపమంది. నేలమీద నడవలేదు ఆ రోజు. నాలుగు నెలల తర్వాత రెండు లైన్ల మెయిలొచ్చింది, మా జాబితాకి సరిపడదని.

ఈ "పంపించండి" అన్న మాటని అర్థం చేసుకోవడానికి నాకు మూడు కాన్ఫరెన్సులు పట్టింది. పెళ్ళిచూపులయ్యాక "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అని లేచేవాళ్ళు గుర్తున్నారా? ఫీజు కట్టి, చేతులు వణుకుతూ ఎదురుగా కూర్చున్న మనిషిని ముఖాన వద్దనడం ఎవరికైనా కష్టమే. అందుకని పేజీలు అడుగుతారు. అబద్ధమని కాదు, చదువుతారు కూడా. కానీ వాళ్ళు తేల్చుకునేది పేజీల దగ్గరే. యార్డులో కొనేవాడు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, గింజ చూసి, వాసన చూసి పడేస్తాడు. పక్కన గుమాస్తా ఎంత గొప్పగా చెప్పినా వినడు. మాట ఎంత బాగున్నా మచ్చు మచ్చే.

పైగా అదే ఏజెంటుకి ఇంట్లో కూర్చుని క్వెరీ లెటర్, అంటే నవలని పరిచయం చేసే చిన్న ఉత్తరం, మెయిల్ చేయడం పూర్తిగా ఉచితం. పిచ్‌తో దొరికే అదనం ఒకటే: మెయిల్ సబ్జెక్టులో "మీరు అడిగిన పేజీలు" అని పెట్టుకోవచ్చు, స్లష్ పైల్‌లో, అంటే అడక్కుండా వచ్చిపడే మెయిళ్ళ గుట్టలో, అందరితోపాటు అడుగున పడకుండా కాస్త పైకి వస్తుంది. ట్విట్టర్‌లో పిట్‌మ్యాడ్ అని పైసా ఖర్చులేని పిచ్ పండగ ఒకటి జరిగేది, 2012లో మొదలైంది. దాన్ని 2022లో ఆపేశారు. అందులో ఏజెంటు లైక్ కొడితే పేజీలు పంపమని అర్థం. నాకొచ్చిన లైకులు రెండు, ఒకటి మా తమ్ముడిది.

అసలు ఇబ్బంది ఇంగ్లీషు కాదు, మన పెంపకం. తెలుగులో ఏజెంటనే మనిషే లేడు. కథ రాస్తే పత్రికకి పంపేవాళ్ళం, తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు జతచేసి. పుస్తకమైతే సొంత డబ్బుతో ఐదొందలో వెయ్యో కాపీలు వేయించుకుని, విశాలాంధ్రలోనో నవోదయలోనో ఇచ్చి, మిగిలినవి మంచం కింద పెట్టుకుంటాం. ఏ దశలోనూ మన పుస్తకం గొప్పదని మనం అనక్కర్లేదు. ఆ పని ముందుమాట రాసే పెద్దాయన చేస్తాడు. మనం "ఏదో నా చిన్న ప్రయత్నం" అని చేతులు జోడిస్తే చాలు. రెండో కాన్ఫరెన్సులో నేను సరిగ్గా అదే చేశాను. "ఇది నా మొదటి ప్రయత్నం, లోపాలున్నాయేమో" అన్నాను. ఆ ఏజెంటు కుర్రాడు అయోమయంగా చూశాడు. అమ్మడానికొచ్చిన మనిషి తన సరుకులో తాలుందని ముందే ఎందుకు చెబుతోందో అతనికి అర్థం కాలేదు.

ఇక పెట్టిన డబ్బు గిట్టిన రోజు చెప్పాలి. 2019, న్యూయార్క్, పిచ్ స్లామ్. మూడో బల్ల దగ్గర గొంతు బొంగురుపోయింది. బట్టీ పట్టిందంతా వదిలేసి, గుక్కతిప్పుకోకుండా ఇలా అన్నాను: "ఒక గుమాస్తా చనిపోయాడు. అతని చిట్టాలో పదకొండేళ్ళుగా ఒకే రైతు పేరున డబ్బు పోతోంది. మార్కెట్లో ఆ రైతుని చూసినవాళ్ళు లేరు. గుమాస్తా భార్య ఆ రైతుని వెతుక్కుంటూ బయల్దేరింది." ఏజెంటు పెన్ను కింద పెట్టింది. ముందుకు వంగి, "ఆ రైతు ఉన్నాడా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎనిమిదేళ్ళుగా రాస్తున్న నవలలో ఆ రైతు 190వ పేజీలో వచ్చి 204లో పోయే చిన్న సంగతి. నా దృష్టిలో నవల కొట్టు పంపకాల గురించి. నాకే తెలియకుండా కథ ఆ చిట్టాలో ఉందని ఆ ఒక్క ప్రశ్నతో తెలిసింది. విమానంలో కూర్చుని మొదటి అధ్యాయం కొట్టేశాను. 1,62,000 మాటలున్న నవల ఏడాదిన్నరకి 94,000కి దిగింది. మొదటి నవలకి 80,000 నుంచి లక్ష మధ్యలో ఉంటే ఏజెంట్లు భయపడరు. నా పాత అంకె విని ఒకాయన చిన్నగా ఈల వేశాడు కూడా. ఆ పెన్ను కింద పెట్టిన ఆవిడ మాత్రం చివరికి నవల తీసుకోలేదు. రెండు పేజీల ఉత్తరం రాసింది. దాన్ని దాచుకున్నాను.

చేదు అనుభవాలూ ఉన్నాయి. ఒక కాన్ఫరెన్సులో నేను ఆరా తీసి ఎంచుకున్న ఏజెంటు రాలేదు. ఆవిడ బదులు పిల్లల బొమ్మల పుస్తకాలు మాత్రమే చూసే ఆయన్ని కూర్చోబెట్టారు. పాపం, ఆయనా ఇబ్బందిపడ్డాడు. పది నిమిషాలూ మనవరాలి గురించి మాట్లాడుకున్నాం. డబ్బు వెనక్కివ్వమంటే రూల్సు చూపించారు. మరోచోట కాఫీ దగ్గర ఒక పెద్దమనిషి నా నవల అద్భుతమన్నాడు, ఒక్క పేజీ చదవకుండా. ఏడువేల డాలర్లు కడితే "హైబ్రిడ్" పద్ధతిలో అచ్చు వేస్తామన్నాడు. నాన్నకి చెబితే నవ్వాడు. "సరుకు అమ్మకముందే రైతు దగ్గర డబ్బడిగేవాడు కమీషన్ కొట్టువాడు కాదమ్మా, వాడు వేరే" అన్నాడు. అమెరికా ఏజెంట్ల సంఘం నియమావళిలో ఉన్నదీ అదే, చదివినందుకు ఫీజు పుచ్చుకోకూడదని.

జూమ్ పిచ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. కెమెరా పక్కన కాగితం అంటించుకోవచ్చు, అది సుఖం. వాక్యం మధ్యలో తెర నల్లబడుతుంది.

వెళ్ళాలా వద్దా అని అడిగేవాళ్ళకి: మీది నవలైతే, అది పూర్తయితే, ఒక్కసారి వెళ్ళండి. పూర్తి కాకపోతే వద్దు. పేజీలడిగితే పంపడానికి ఉండాలి. అనుభవమో పరిశోధనో రాసే నాన్‌ఫిక్షన్ అయితే పిచ్ ఇంకాస్త పనికొస్తుంది, అక్కడ ప్రపోజల్‌తో (పుస్తకం ఎలా ఉంటుందో చెప్పే ప్రతిపాదనతో) పాటు రాసిన మనిషినీ చూస్తారు. అపాయింట్‌మెంటు మూడు చాలు. నాలుగోదానికి గొంతులో జీవం ఉండదు. ఒక్క పేరుకి మించి చెప్పొద్దు, పలకడానికి తేలికైనదైతే మరీ మంచిది. మీ పుస్తకంతో పోల్చదగ్గవి ఈ మధ్య మూడు నాలుగేళ్ళలో వచ్చినవి రెండు గుర్తుపెట్టుకోండి, కచ్చితంగా అడుగుతారు. వాళ్ళ కార్డు కోసం కాదు, కళ్ళకోసం వెళ్ళండి. ఏ మాట దగ్గర కళ్ళు పక్కకి పోయాయో రాసుకోండి. ఆ సంగతి క్వెరీ మెయిల్ ఎన్నటికీ చెప్పదు.

2023 తర్వాత నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆ నాలుగు వాక్యాలనే క్వెరీ లెటర్ నెత్తిన పెట్టి 61 మందికి మెయిల్ చేశాను. ప్రస్తుతం నవల మొత్తం ఇద్దరి దగ్గరుంది, ఒకరి దగ్గరకి చేరి ఏడు నెలలైంది. నాన్న ప్రతి ఆదివారం అడుగుతాడు, సరుకు కదిలిందా అని.

"ఏసీలో పెట్టాను నాన్నా" అంటాను. మా ఊళ్ళో కోల్డ్ స్టోరేజీని అలాగే అంటారు. "పెడితే పెట్టావు గానీ అద్దె చూసుకో" అంటాడు.