ఇంజిన్ జిడ్డుకి నీళ్లలో కలిపే డీగ్రీజర్: ఇంట్లో వాడొచ్చా?

విజయవాడ ఆటోనగర్‌లో దొరికే నీళ్లలో కలిపే రకం డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) ఇంటి పనికి చక్కగా సరిపోతుంది. పెట్రోల్, కిరోసిన్ జోలికి అస్సలు పోవద్దు. నిప్పు భయం ఒకటి, రబ్బరు పైపులు ఉబ్బిపోవడం ఇంకోటి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. మన ఎండలకి తెల్లవారుజామే మేలు. వేడి మీద కొడితే మందు అక్కడే ఎండిపోయి మరకలు పడతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి, ఫ్యూజ్ బాక్స్‌కి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం మూతికి పాలిథిన్ కవర్లు కట్టండి. మామూలు జిడ్డుకి ఒక వంతు మందు, నాలుగు వంతుల నీళ్లు చాలు. అయినా సీసా మీది పాళ్లు ఒకసారి చూసుకోండి. కొట్టి 3 నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే, ఆయిల్ మూత చుట్టూ గట్టిపడ్డ మడ్డి డికాక్షన్‌లా కారిపోతుంది. తర్వాత తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు: స్పార్క్ ప్లగ్ గుంతల్లో నీళ్లు నిలిస్తే ఇంజిన్ వణుకుతుంది.

దీని లోపమల్లా అల్యూమినియం దగ్గరే. ఎక్కువసేపు వదిలేస్తే మెరుపు పోతుంది. వారంలోనే మళ్లీ జిడ్డు పట్టిందా, అది మురికి కాదు, ఆయిల్ లీకు, మెకానిక్‌కి చూపించండి.