నెలకోసారి చూసేవాళ్లకీ ఫుల్ రేటేనా? రెడ్‌మైన్‌కి మారాక నా అనుభవం

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ స్లాబులు కోసి ఎక్స్‌పోర్ట్ చేసే యూనిట్ మాది, ఆర్డర్ల ట్రాకింగ్ నేను చూస్తాను. రోజూ ట్రాకర్ (ఏ ఆర్డరు పని ఎంతవరకు వచ్చిందో రాసుకునే సాఫ్ట్‌వేర్) తెరిచేది ఆఫీసులో నలుగురైదుగురమే. క్వారీ సూపర్‌వైజరు, పాలిషింగ్ మేస్త్రీ, చెన్నై పోర్టులో క్లియరింగ్ ఏజెంటు, ఒంగోలు నుంచి వచ్చే ఆడిటరు వీళ్లంతా ఎప్పుడో ఓసారి వచ్చి ఒక ముక్క రాసి పోయేవాళ్లు. ఇంతకుముందు వాడిన క్లౌడ్ టూల్‌లో (పేరెందుకులే) వీళ్లకీ మాకూ ఒకటే రేటు, పైన 18 శాతం జీఎస్టీ. చూడటం ఫ్రీ అన్నారు గానీ కామెంట్ పెట్టాలంటే సీటు (మనిషికో లైసెన్స్) కొనాల్సిందే.

ఖర్చు తగ్గుతుందని మా ఓనరు అందరికీ కలిపి ఒకే లాగిన్ ఇప్పించాడు. ఒకరోజు "ఈ బ్లాకులో సన్న పగులుంది, కోయొద్దు" అని కామెంట్ పడింది. ఎవరు రాశారంటే క్వారీవాళ్లు మేం కాదన్నారు, మేస్త్రీ నేను కాదన్నాడు, అడిగేలోపు బ్లాకు గ్యాంగ్‌సా (రాయి కోసే మిషను) కింద సగం తెగింది. ఎవరు చెప్పారో తెలియని ట్రాకర్ కంటే వాట్సాప్ గ్రూపే నయం! పైగా లాగిన్ పంచుకోవడం చాలా టూల్స్‌లో లైసెన్స్ షరతులకు విరుద్ధం కూడా.

అందుకే రెడ్‌మైన్‌కి మారాం. ఇది 2006 నుంచి ఉన్న, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ట్రాకర్, మనిషికింత అనే లెక్క లేదు, కాబట్టి ఎవరి అకౌంట్ వాళ్లకి ఇచ్చేశాం. నాకు బాగా నచ్చింది మెయిల్ సంగతి. సర్వర్‌లో ఒకసారి సెట్ చేసుకుంటే, వచ్చిన నోటిఫికేషన్‌కి రిప్లై కొడితే చాలు, అది అదే ఇష్యూ (ట్రాకర్‌లో ఆ పనికి ఉన్న ఎంట్రీ) కింద వాళ్ల పేరుతో నోట్‌గా చేరుతుంది. ఏజెంటు అసలు లాగిన్ అవ్వడు, "కంటైనర్ లోడ్ అయింది" అని మెయిల్ కొడతాడు, అంతే. మొదట్లో కింద పాత మెయిళ్ల తోకంతా కూడా వచ్చి పడేది, ఫలానా లైను తర్వాత కత్తిరించు అనే సెట్టింగ్ ఉంది, అది పెట్టాక పోయింది.

ఫ్రీ కదా అని ఎగరొద్దు. సర్వర్ అద్దె, బ్యాకప్ మనవే, అప్‌గ్రేడ్ అంటే ప్లగిన్లు (అదనంగా తగిలించుకున్న ఫీచర్లు) ఏది పనిచేస్తుందో ఏది ఆగుతుందోనని టెన్షన్. చూడ్డానికీ పాతకాలం వాలకమే. సర్వర్ సంగతి తెలిసిన మనిషి లేకపోతే దీని జోలికి పోకండి, పదిమంది వరకైతే జిరా (ఇలాంటిదే ఇంకో క్లౌడ్ ట్రాకర్) ఉచిత ప్లాన్‌తో సరిపెట్టుకోవచ్చు. కాకపోతే పదకొండోవాడు చేరి పెయిడ్ ప్లాన్‌కి మారితే ఆ ఒక్కడికే కాదు, మొత్తం పదకొండుమందికీ కట్టాలి, అది చూసుకుని దిగండి.