వీలునామా కోసం రెండో అంతస్తుకి: విశాఖ ద్వారకానగర్‌లో ఒక వకీలు గారి ఆఫీసు, ఐదుకి నాలుగు

పేరు రాయను, ముందే చెప్తున్నా. వకీళ్ళు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది కదా, "నన్నిందులోకి లాగకండమ్మా" అన్నారాయన. ద్వారకానగర్‌లో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న మా నాన్న నాలుగు మెట్లకోసారి ఆగి ఎక్కారు. ఒక నక్షత్రం ఆ మెట్ల మీదే పోయింది.

నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, 81 ఏళ్ళు. ఉన్నదల్లా కూర్మన్నపాలెంలో 200 గజాల్లో ఇల్లు, అనకాపల్లి దగ్గర ఊళ్ళో ఎకరంన్నర పొలం, బ్యాంకులో డిపాజిట్లు. ఇల్లూ పొలమూ తమ్ముడికి, డబ్బు నాకు. ఆయన లెక్క అంతే. రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఒక దస్తావేజు లేఖరికి 3 వేలిచ్చి అలాగే రాయించుకొచ్చారు కూడా. అందులో తూర్పు హద్దు కింద ఉన్న పేరువాళ్ళు ఇల్లమ్ముకుని వెళ్ళి పదేళ్ళయింది. సాక్షి చోట మా తమ్ముడి పేరు!

వకీలు గారు ఆ కాగితం చదివి పక్కన పెట్టి, "పొలం మీ స్వార్జితమా, పిత్రార్జితమా?" అన్నారు.

"మా నాన్న ఇచ్చాడు."

"ఎలా ఇచ్చారు బాబుగారూ? ఆయన పోయాక వచ్చిందా, ఉండగానే పంచుకున్నారా?"

తాతయ్య, పెదనాన్న, నాన్న 1972లో పంచుకున్న పంపకం కాగితం మా దగ్గరుంది. చిక్కంతా అక్కడే. తాతయ్య తన కష్టార్జితం వదిలి, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోయి, అది వారసత్వంగా నాన్నకి వచ్చి ఉంటే పూర్తిగా నాన్న సొంతమే, ఎవరికైనా రాసుకోవచ్చు. ఉమ్మడి ఆస్తి పంపకంలో వచ్చిన భాగానికి ఆ లెక్క కాదు. అందులో పిల్లలకి పుట్టుకతోనే హక్కు, 2005 సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా. పెళ్ళయిందా లేదా అన్నది చూడరు. అంటే నాన్న, తమ్ముడు, నేను కలిపి మూడు వాటాలు, వీలునామాలో నాన్న రాయగలిగింది మూడో వంతు, అర ఎకరం.

"అమ్మాయి వద్దంటుంది లెండి" అన్నారు నాన్న, నా వైపు చూడకుండా.

"నోటిమాట సరిపోదండీ. తన వాటా వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. అదీ ఆవిడకి ఇష్టమైతేనే."

నేనేమీ మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, లోపల బాగానే ఉంది.

ఆ తర్వాత ఆయన అమ్మవైపు తిరిగారు. ఎన్నో ఏళ్ళుగా ఆస్తి మాటలు నడుస్తున్నాయి మా ఇంట్లో, అమ్మనెవరూ అడిగింది లేదు, నాతో సహా. "ఆయన తర్వాత మీరెక్కడుంటారమ్మా?" అని అడిగితే అమ్మ తెల్లబోయింది. "ఇంట్లోనే బాబూ. ఇంకెక్కడికి ఎల్తాను?" రాసిన కాగితం ప్రకారం ఆ ఇల్లు అప్పటికి తమ్ముడిది. "బతికున్నన్నాళ్ళూ ఉండనివ్వాలి" అని ఒక ముక్క చేరుస్తామన్నారు నాన్న. అలాంటి ముక్కల మీదే కేసులు నడుస్తాయట. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1977లో తేలిన తులసమ్మ కేసు మన తెలుగావిడదేనని చెప్పారు. మనోవర్తి కింద అనుభవించమని ఇచ్చిన ఆస్తి చివరికి ఆవిడకి పూర్తి హక్కుగా మారింది. ఇస్తే పూర్తిగా ఇవ్వండి, లేదా ఏమిస్తున్నారో విప్పి రాయండి అన్నారు. నాన్న చాలాసేపు టేబుల్ మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చుని, "ఇల్లు దానికే రాయండి" అన్నారు.

మిగతావి తొందరగానే తేలాయి. డిపాజిట్లకి నామినీ తమ్ముడు. నామినీ అంటే సొంతదారు అనుకున్నాం ఇన్నాళ్ళూ. కాదు, డబ్బు తీసుకుని వారసులకి అప్పజెప్పాల్సిన మనిషి. సాక్షులు ఇద్దరుండాలి. నాన్న తనతో వాకింగ్‌కి వచ్చే స్నేహితుణ్ణి పెడతానన్నారు. "ఆయన వయసెంత?" "79." వకీలు గారు నవ్వి, రేపు కోర్టుకొచ్చి చెప్పగలిగే చిన్నవాళ్ళని, ఆస్తిలో వాటా లేనివాళ్ళని చూసుకోమన్నారు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఈ వయసులో చేయించుకుంటే మంచిదంటే చేయించాం.

పొగిడింది చాలు. ఫీజు ముందు 10 వేలన్నారు, టైపింగనీ హద్దులనీ చివరికి పన్నెండున్నర అయింది. రసీదు అడిగితే గుమాస్తా నన్ను వింతగా చూశాడు. మా ఇంటిపేరు రెండుసార్లు తప్పు కొట్టాడు, మూడోసారి నేనే పక్కన కూర్చుని చెప్పాను. గంటన్నర వెయిటింగ్, తాగడానికి నీళ్ళు లేవు.

తమ్ముడికి ఫోన్‌లో చెప్తే "సరే అక్కా" అన్నాడు, ఆ తర్వాత వారం మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఆరు తర్వాత వెళ్ళండి, పగలు ఆయన కోర్టులో ఉంటారు. పాత పంపకం కాగితాలు, ఇంటిపన్ను రసీదు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చేత్తో పట్టుకెళ్ళండి. మేం ఈసీ మర్చిపోయి నాన్నని ఆ మెట్లు రెండోసారి ఎక్కించాం.