గులాబీ పురుగు బుట్టలు, ట్రైకో కార్డులు: పత్తిలో వాడి చూశాక

చేలోకి గులాబీ రంగు పురుగు ఎప్పుడు దిగుతుందో ముందే తెలియాలని లింగాకర్షక బుట్టలు కొన్నాను. ఆ పని వరకు ఈ బుట్టకు వంక పెట్టలేను. బుట్టలు కడితే ఇక పురుగే ఉండదు అనుకునేవాళ్లు మాత్రం ఆగండి. బుట్టలో పెట్టే ఎరకు, అంటే లూర్‌కి, ఆడ పురుగు వాసన ఉంటుంది కాబట్టి వచ్చి పడేవన్నీ మగవే. అప్పటికే జతకట్టిన ఆడవి గుడ్లు పెడుతూనే ఉంటాయి.

నాది గరాటు కింద పొడవాటి ప్లాస్టిక్ సంచి వేలాడే రకం. పంట 45 రోజులప్పుడు ఎకరాకు నాలుగు చొప్పున, మొక్కల కొసలకు అడుగు ఎత్తున కర్రలకు కట్టాను. పైరు ఎదిగేకొద్దీ బుట్ట పైకి జరపాలి. పొద్దున్నే సంచి ముడి విప్పి తెల్ల కాగితం మీద దులిపితే లెక్క సులువు. వడ్లగింజంత ఉంటాయి, బూడిద కలిసిన గోధుమ రంగు, రెక్కల మీద నల్లటి మచ్చలు. శనగపచ్చ పురుగు లూర్ వేరు, రెండూ ఒకే బుట్టలో పెట్టకండి.

వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిదేసి పడితే ఇక ఊరుకోకూడదు. ఈ లెక్కను తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఎందుకంటే గుడ్డు పగిలిన పిల్ల పురుగు కాసేపట్లోనే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. దూరిన రంధ్రం కూడా పూడిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి మందు కొట్టినా లోపలికి చేరదు. గుడ్డి పూలు, అంటే రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు, కనబడేదాకా ఆగితే పురుగు అప్పటికే లోపల తింటూ ఉంటుంది.

లోపం ఒక్కటే, సంచి అడుగున రంధ్రాలు లేవు. వాన కురిసిన రాత్రి నీళ్లు నిలిచి పురుగులన్నీ ముద్దయిపోయాయి, లెక్కే దొరకలేదు. సూదితో నాలుగు చోట్ల పొడిచాక ఆ బాధ తీరింది. లూర్ నెల లోపే మార్చాలి.

బుట్టలో పురుగులు పడడం మొదలవగానే ట్రైకో కార్డులు కట్టాను. నిల్వ ధాన్యంలో పెరిగే ఒక రెక్కల పురుగు గుడ్లను అట్టకు అంటించి, వాటిలో ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ చేత గుడ్లు పెట్టించి ఇస్తారు. అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కార్డు నుంచి బయటికొచ్చిన కందిరీగ గులాబీ పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ గుడ్డు లోపలే పెరిగి, పిల్ల పురుగు పుట్టకముందే పని ముగిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. అట్టను ముక్కలు చేసి సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టాలి. ఆ రోజుల్లో పురుగుమందు జోలికి పోకూడదు, ఈ కందిరీగలే ముందు చస్తాయి.

కార్డులతో ఇబ్బందల్లా నిల్వ. గుడ్లు నల్లగా ఉంటే సరుకు మంచిదే. కానీ నాకు వచ్చిన ఒక కవరులో అప్పటికే సన్నటి నలుసులు పరుగెడుతున్నాయి, అంటే కందిరీగలు దారిలోనే బయటికి వచ్చేశాయి. కవరు మీద తేదీ లేదు. అమ్మినాయన్ని అడిగితే సమాధానం లేదు.

బుట్టలు ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. కార్డులు మాత్రం, కందిరీగలు బయటికొచ్చే తేదీ రాసి ఉంటేనే తీసుకోండి, తెచ్చిన సాయంత్రమే కట్టేయండి.